జాతకాలు కలిశాయి

వయసు మళ్ళాక మనిషికి పట్టే పిచ్చులు రకరకాలు. కొందరు తీర్థయాత్రలు మొదలెడతారు. కొందరు వంశవృక్షం రాస్తామని చుట్టపక్కాల్ని వేపుకు తింటారు. మా బావగారొకాయన అరవయ్యో ఏట వయొలిన్ కొని, పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయేదాకా సాధన చేశారు. నాకు పట్టింది కారు పిచ్చి. అదైనా కొత్త కారు మీద కాదు. 1979లో తయారైన కారు. అందులో ఉన్నది 1969లో తయారైన ఇంజను.

"బండి పాతదీ, ఇంజను ఇంకా పాతదీనా?" అంది మా ఆవిడ, సరిగ్గానే విన్నానా అన్నట్టు.

"అవును."

"పాత బండికి కొత్త ఇంజను పెట్టారంటే సరే అనుకోవచ్చు. ఇదేం చోద్యమండీ! ముసలాయనకి వాళ్ళ నాన్నగారి పళ్ళసెట్టు పెట్టినట్టుంది."

పైకి నవ్వేశాను గాని, ఆ మాట తప్పని నిరూపించటానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. నిరూపించానని ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదనుకోండి.

మేముండేది అమెరికాలో మిచిగన్ రాష్ట్రం, డిట్రాయిట్ నగరం పొరుగున. కోనసీమవాళ్ళకి కొబ్బరికాయ గురించి చెప్పక్కర్లేనట్టే ఇక్కడివాళ్ళకి కార్ల గురించి చెప్పక్కర్లేదు. మీకు మాత్రం 'మజిల్ కారు' అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాలి. మజిల్ అంటే కండ. 1964 మోడల్లో పాంటియాక్ వాళ్ళు మధ్యరకం కారైన టెంపెస్టులో, పెద్ద కార్లకు పెట్టే 389 ఘనపుటంగుళాల ఇంజనుని ఇరికించి, 'జీటీవో' అని పేరుపెట్టి అమ్మారు. ఒంటెద్దు బండికి ఏనుగుని కట్టినట్టన్నమాట. కుర్రకారు వేలంవెర్రిగా ఎగబడింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. షెవ్రొలే వాళ్ళ కామరో 1967 మోడలుగా వచ్చింది. నిష్ఠాపరులు దాన్ని మజిల్ కారనరు, 'పోనీ కారు' అంటారు. పోనీ, అలాగే అననివ్వండి.

ఈ వైభవం ఎంతోకాలం సాగలేదు. పొగ మీద చట్టాలొచ్చాయి. 1971 మోడళ్ళ నుంచి ఇంజన్ల బిగువు తగ్గించారు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. 1975 నుంచి పొగగొట్టానికి విషవాయువుల్ని విరిచే క్యాటలిటిక్ కన్వర్టరు తగిలించారు. గాలి బాగుపడింది, మంచిదే. కానీ 1979 నాటికి కామరో ఆకారం పులిది, అరుపు పిల్లిది అయి కూచుంది.

ఆ ఏడాది ఆగస్టులోనే నేను చదువుకని డిట్రాయిట్‌లో దిగాను. రోజూ బస్సు కోసం నించునే చోటికి సరిగ్గా ఎదురుగా ఒక కార్ల దుకాణం. దాని అద్దాల వెనక నీలంరంగు కామరో. దాని ధర నా ఏడాది స్టైపెండు కంటే ఎక్కువ. ఆ స్టైపెండులోనే గది అద్దె పోగా మిగిలింది ఇంటికి పంపాలి. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళున్నాయి. చివరికి నలుగురు కుర్రాళ్ళం కలిసి ఒక డొక్కు కారు కొన్నాం. నలుగురూ కలిసి కొనటంలో సుఖమేమిటంటే, నెట్టటానికి మనుషుల్ని వెతుక్కోనక్కర్లేదు.

తరవాత ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు, పిల్లవాడు. కార్లు చాలానే కొన్నాం. ఒకటి సామాన్లు పట్టటానికి, ఒకటి పిల్లాణ్ణి బడికి దింపటానికి, ఒకటి మంచులో జారకుండా ఉండటానికి. చూసి మురిసిపోవటానికి కొన్నది ఒక్కటీ లేదు.

ఇక మావాడి సంగతి. డిట్రాయిట్ నుంచి పాంటియాక్ ఊరి దాకా పోయే వుడ్‌వర్డ్ ఎవెన్యూ అనే రోడ్డు మీద ఒకప్పుడు కుర్రాళ్ళు పందాలు కట్టి కార్లు తోలేవారు. ఆ రోజుల జ్ఞాపకంగా 1995 ఆగస్టులో ఆ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు మొదలుపెట్టారు. 'వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్' అంటారు. ఆ మొదటి ఏడు మేమూ వెళ్ళి రోడ్డు పక్కన మడతకుర్చీలు వేసుకు కూచున్నాం. మావాడికప్పుడు పదేళ్ళు. మా ముందునుంచి నీలంరంగు కామరో ఒకటి గుడగుడమంటూ పోయింది. "ఎప్పటికైనా మనం అది కొనాలి నాన్నా" అన్నాడు వాడు. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

వాడిప్పుడు కాలిఫోర్నియాలో, శాన్‌హోసేలో ఉద్యోగం చేస్తున్నాడు. రిటైరై ఇంట్లో కూచున్న నాకు ఒకరోజు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వాడి నలభయ్యో పుట్టినరోజు నాటికి కామరో కొని, బాగుచేయించి, తండ్రీకొడుకులం కలిసి మిచిగన్ నుంచి కాలిఫోర్నియా దాకా తోలుకుపోతేనో?

"అబ్బాయి అడిగాడా?" అంది మా ఆవిడ.

"అడక్కుండా ఇస్తేనేగా బహుమతి!"

ఆవిడ నా మొహంలోకి ఒక నిమిషం చూసి ఊరుకుంది. వంటింటి గట్టు మార్పించటానికి దాచిన డబ్బుకి ఎసరు పెడుతున్నానని ఆవిడకి తెలుసు. ఆ ఊరుకోవటానికి అర్థం నాకు చాలాకాలానికి గాని తెలియలేదు.

2023 అక్టోబరులో బండి దొరికింది. ఫ్లింట్ దాటాక ఒక పల్లెటూళ్ళో. పాతికేళ్ళు ఇంజన్ల మధ్య నలిగిన మిత్రుడొకణ్ణి వెంట తీసుకెళ్ళాను. మా ఆవిడ కూడా బయల్దేరింది. "నేను రాకపోతే ఆయన అడిగిందంతా ఇచ్చి, పైన నమస్కారం కూడా పెట్టొస్తారు మీరు" అంది.

అమ్మే మనిషికి డెబ్బై అయిదేళ్ళుంటాయి. కొట్టం తలుపులు తెరిచాడు. లోపల కామరో. అదే నీలంరంగు. నాకు బస్సు స్టాపులో నించున్నట్టే అనిపించింది.

మిత్రుడు ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "చల్లగా ఉంది, మంచిదే" అన్నాడు నాతో తెలుగులో. "మనం వచ్చేలోగా ఇంజను వేడెక్కించి ఉంచారంటే అనుమానించాలి. చల్లారిన ఇంజను లేచేటప్పుడే దాని రోగాలన్నీ బయటపడతాయి."

ముసలాయన తాళం తిప్పాడు. రెండు దగ్గులు దగ్గి లేచింది. నేను వెనక్కి వెళ్ళి పొగ చూశాను. నీలంగా వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్టు. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. ఆగకుండా తెల్లగా వస్తే చల్లబరిచే నీళ్ళు లోపలికి కారుతున్నట్టు. పొద్దున చలికి కాసేపు పలచగా తెల్లపొగ వచ్చి, ఆగిపోయింది.

ఇక ఆ చప్పుడు! చిన్నప్పుడు మా పొలంలో నీళ్ళు తోడే ఆయిలింజను ఉండేది. తెల్లారగట్ల నాన్నగారు దాన్ని తిప్పి లేపితే, ఇంట్లో మంచం మీద పడుకున్న నాకు వినిపించేది. ఆ చప్పుడు వినబడితే నాన్నగారు ఉన్నారని ధైర్యం. అదే గుర్తొచ్చి నించుండిపోయాను. మిత్రుడు నా మొహం చూసి, "నువ్వు కాస్త అవతలికెళ్ళు. నీ మొహం చూస్తే ఆయన ధర పెంచేస్తాడు" అన్నాడు.

ఈలోగా మా ఆవిడ చేతిసంచీలోంచి ఒక వస్తువు తీసింది. మా ఫ్రిజ్ తలుపు మీద ఉండే తిరుపతి వెంకన్న బొమ్మ, వెనక అయస్కాంతం. దానికి చేతిగుడ్డ చుట్టి, బండికి ప్రదక్షిణం మొదలుపెట్టింది. మిచిగన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బండ్లని కిందనుంచి తినేస్తుంది. తిన్నచోట లప్పం పెట్టి రంగు వేసేస్తే కంటికి తెలియదు, అయస్కాంతానికి తెలుస్తుంది. తలుపు మీద స్వామి నిలిచాడు. బానెట్ మీద నిలిచాడు. వెనక కుడిచక్రం పైన మాత్రం జారి కిందపడ్డాడు. ఆవిడ కళ్ళకద్దుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారాడు.

"ఇక్కడ లప్పమండీ" అంది.

ముసలాయన తల ఊపాడు. "అవును. రెండు అరచేతుల మేర."

"ఇదెక్కడ నేర్చావు?" అన్నాను మెల్లిగా.

"రాత్రుళ్ళు మీరు చూసే వీడియోలు నా చెవినీ పడుతున్నాయిగా!"

ఇప్పుడు అసలు విషయం. పాత కార్లవాళ్ళ భాషలో 'నంబర్లు కలవటం' అని ఒక మాట ఉంది. ఫ్యాక్టరీలో ఆ బాడీలో పెట్టిన ఇంజనే ఇప్పటికీ ఉంటే నంబర్లు కలిసినట్టు. మన జాతకాలు కలవటం లాంటిదే. కలిస్తే కట్నం ఎక్కువ. ఈ బండికి కలవవు. ముందద్దం కింద ఉన్న నంబర్లో ఐదో అక్షరం ఇంజను రకాన్ని చెబుతుంది. దాని ప్రకారం ఇది పుట్టినప్పుడు ఉన్నది 305 ఘనపుటంగుళాల ఇంజను. ఇప్పుడున్నది 350. ముసలాయన ఆ సంగతి దాచలేదు. "ఈ ఇంజను 1969ది" అన్నాడు.

మిత్రుడికి నోటిమాట చాలదు. టార్చిలైటు, చిన్న అద్దం తీసుకుని బండిలోకి దూరాడు. ఇంజను దిమ్మ వెనక అంచు మీద పోతపోసిన తేదీ ఉంది: 'సి 12 9'. సి అంటే ఇంగ్లీషులో మూడో అక్షరం, అంటే మూడో నెల. మార్చి 12. తొమ్మిది అంటే సంవత్సరం. ఏ తొమ్మిది? పోతపోసినవాళ్ళు చివరంకె ఒక్కటే వేసేవారు. అరవై తొమ్మిదీ కావచ్చు, డెబ్బై తొమ్మిదీ కావచ్చు. పోనీ దిమ్మ నమూనా నంబరు చూద్దామంటే, చివర 010 అని ఉండే ఆ నమూనాని 1969లోనూ వాడారు, 1979లోనూ వాడారు. నెలా తేదీ తెలిసి, ఏడు తెలియని జాతకం!

మిత్రుడు ముందువైపుకొచ్చి, కుడి సిలిండర్ హెడ్డు ముందున్న చదును జాగాని గుడ్డతో తుడిచాడు. అక్కడ కొట్టిన ముద్ర 'వి'తో మొదలైంది. అంటే ఫ్లింట్ ఇంజన్ల ఫ్యాక్టరీ. తరవాత ఇంజను కూర్చిన నెలా తేదీ. చివర రెండక్షరాలు. మిత్రుడి మొహం వికసించింది. "1970 నుంచి మూడక్షరాలు కొట్టారు. రెండే ఉన్నాయంటే అరవై తొమ్మిదే" అన్నాడు. ఆ పక్కనే, ఫ్యాక్టరీలో ఈ ఇంజనుని ఏ కారులో పెట్టారో ఆ కారు నంబరు చివరి అంకెలు ఉన్నాయి.

"ఆ కారెక్కడుందో పాపం" అన్నాను.

ముసలాయన ఇంట్లోకి వెళ్ళి పసుపు పచ్చబడ్డ కవరొకటి తెచ్చాడు. అందులో 1969 కామరో టైటిలు కాగితం. చివరి ఆరంకెలూ ఒక్కొక్కటే చదివాడు. మిత్రుడు టార్చి వెలుగులో ఒక్కొక్కటే సరిచూశాడు. ఆరూ కలిశాయి. కాగితం మీద పేరు మాత్రం ఆయనది కాదు.

"మా అన్నయ్యది" అన్నాడు.

అన్నయ్య 1985లో జబ్బుచేసి పోయాడట. ఆయన కారుని ఉప్పు తినేసింది. బాడీ పాత ఇనుముకి పోయింది. ఇంజను ఒక్కటీ కొట్టంలో గోనె కింద మిగిలింది. మరుసటేడు తమ్ముడి కారు ఇంజను పాడైతే, కొత్తది కొనే స్తోమత లేక ఇది ఎక్కించుకున్నాడు. "డబ్బు కలిసొస్తుందనే ఎక్కించాను" అన్నాడు ఆయన. కాసేపాగి, "మొదటిసారి లేపినప్పుడు అన్నయ్య వీధి చివరికొచ్చినట్టే వినిపించింది" అన్నాడు.

నంబర్లు కలిశాయి. కాకపోతే ఇప్పుడు లోకంలో లేని కారుతో.

వాతావరణం బరువెక్కిందని మిత్రుడు బేరంలోకి దిగాడు. 1969 లెక్కల్లో ఈ ఇంజనుకి 300 హార్సుపవర్లు, 1979 లెక్కల్లో పాత 305కి 130. ఆ రెండంకెలూ చూసి నేను ఆనందపడుతుంటే, అదీ చెడగొట్టాడు. 1971 దాకా ఇంజనుని విడిగా బల్లకెక్కించి, ఫ్యానూ సైలెన్సరూ లేకుండా కొలిచి గొప్పలు చెప్పుకునేవారట. 1972 నుంచి అన్నీ తగిలించి కొలుస్తున్నారు. ఒకటి కాగితం మీది జీతం, రెండోది కోతలు పోను చేతికొచ్చేది.

ఆయన అడిగింది 16 వేల డాలర్లు. లప్పానికి, పాత టైర్లకు, మా ఆవిడ మొహానికి కొంత కొంత తగ్గి 14,500 దగ్గర ఆగింది. తాళాలు నా చేతిలో పెట్టబోతూ ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్క మాట. ఎడమ మోకాలు క్లచ్చి తొక్కనివ్వటం లేదు గనక అమ్ముతున్నాను. ఈ ఇంజను ఎప్పుడైనా తీసేయాల్సొస్తే పారెయ్యకండి. నాకు ఫోన్ చెయ్యండి."

సరేనన్నాను. ఆ క్షణాన ఆ మాట ఇవ్వటం ఎంత సులువో!

చలికాలమంతా బండి మా గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడుకుంది. మార్చిలో మిత్రుడికి నా కాలిఫోర్నియా యాత్ర సంగతి మొదటిసారి చెప్పాను. కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"కాలిఫోర్నియాలో రిజిస్టరు చేయిస్తావా? ఈ ఇంజనుతోనా?"

మిచిగన్‌లో బండ్లకి పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి రెండేళ్ళకోసారి ఉంది. 1975 దాకా వచ్చినవాటికి మినహాయింపు. అక్కడ ఇంజను మార్చుకోవచ్చు గాని, పెట్టే ఇంజను బండి ఏడాదిదో, అంతకంటే కొత్తదో అయివుండాలి. పొగని అదుపుచేసే సరంజామా అంతా దానికుండాలి. పాతది పనికిరాదు. మావాడి పేర ఆ బండి అక్కడ తిరగాలంటే అన్నయ్యగారి ఇంజను దిగాల్సిందే.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "అంటే పాత ఒంట్లో కొత్త భాగం పెట్టొచ్చు, కొత్త ఒంట్లో పాత భాగం పెట్టకూడదు. అంతేనా?" అంది. "అయితే మీ గుండెకి వేసిన స్టెంటు కాలిఫోర్నియాలో చెల్లుతుంది. బెంగలేదు."

నాకు నవ్వు రాలేదు. చేసింది రెండు వాగ్దానాలు. ఒకటి కొడుక్కి, మనసులో. ఒకటి పరాయివాడికి, పైకి. కొడుక్కిచ్చిన మాటే పెద్దదని తేల్చుకుని, ముసలాయనకి ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు కొట్టి పెట్టేశాను. ఆఖరికి ముందు మావాడికే చేశాను. బహుమతి రహస్యం అక్కడితో సరి. అంతా చెప్పాను, 1995లో వాడన్న మాటతో సహా.

అవతల కాసేపు నిశ్శబ్దం. 

"నాన్నా, ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఎండగా ఉంది. నేను ఆకలేస్తోందన్నాను. మీరు వినిపించుకోలేదు. ఆ కారు వంకే చూస్తూ 'ఎప్పటికైనా మనం అది కొనాలిరా' అన్నారు. అన్నది మీరు నాన్నా."

నేను మా ఆవిడ వైపు తిరిగాను. పక్కనే కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"వాడు చెప్పిందే నిజం. నేనూ అక్కడే ఉన్నానుగా" అంది తలెత్తకుండా.

"మరి కొనకముందే చెప్పలేదేం?"

"చెబితే కొనేవారా? మీకోసం మీరు ఎప్పుడైనా ఏమైనా కొనుక్కున్నారా?"

నలభై అయిదేళ్ళుగా బస్సు స్టాపులో నించున్న కుర్రాడెవరో ఆవిడకి మొదటినుంచీ తెలుసన్నమాట. వంటింటి గట్టు డబ్బు ఆవిడ ఇచ్చింది కొడుక్కి కాదు.

"నాన్నా, ఆ ఇంజను జోలికి పోకండి" అన్నాడు మావాడు ఫోన్లో. "ఇక్కడ నాకు కరెంటు కారుంది. ఆగస్టులో మేమే వస్తాం."

పాతికేళ్ళు దాటిన బండ్లకి మిచిగన్‌లో 'హిస్టారిక్' ప్లేటు ఇస్తారు. ఆ ప్లేటు ఉన్న బండిని ప్రదర్శనలకీ ఊరేగింపులకీ మాత్రమే తీయాలి. ఆగస్టు నెల్లో మాత్రం మామూలుగానే తిప్పుకోవచ్చు. మా ఆవిడ దాన్ని శ్రావణమాసం నోమంటుంది.

2024 ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ మీదికి బయల్దేరాం. మావాడు, కోడలు, ఏడేళ్ళ మనవరాలు వచ్చారు. నేను ముసలాయనకి కూడా ఫోన్ చేశాను. ఇంజను తీస్తున్నామేమోనని ముందు కంగారుపడ్డాడు. తీయటం లేదు, రమ్మంటున్నామని చెబితే, ఆయన ఇంకో గంట ముందే వచ్చి కూచున్నాడు. మావాడు తాళం తిప్పాడు. చల్లటి ఇంజను రెండు దగ్గులు దగ్గి లేచింది. ముసలాయన బానెట్ మీద చెయ్యి వేసి, వీధి చివరికి చూస్తూ నించున్నాడు. నేను ఆయన పక్కన నించున్నాను. ఆయనకి అన్నయ్య, నాకు నాన్నగారు వినిపిస్తున్నారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మనవరాలు ఇంగ్లీషులో అడిగింది: "తాతా, దీనికి ఎన్నేళ్ళు?"

"నలభై అయిదు" అన్నాను.

"కాదు, యాభై అయిదు" అన్నాడు ముసలాయన.

ముందుసీట్లో అప్పటికే సర్దుకు కూచున్న మా ఆవిడ నా వంక చూసి, "అరవై ఎనిమిది" అంది. "ఇక ఎక్కండి. తిరిగొచ్చేటప్పుడు వంటింటి గట్టుకి రాళ్ళు చూడాలి."